రెండు మూలలూ అతనివే

మిత్రులకు నమస్కారం.

1973 జనవరి 22. జమైకాలోని కింగ్‌స్టన్. ఆ రాత్రి హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ జో ఫ్రేజియర్‌కీ జార్జ్ ఫోర్‌మన్‌కీ పోటీ. చాంపియన్ కారు ముందు పోలీసు మోటార్‌సైకిళ్లు సైరన్లు మోగిస్తూ పోతున్నాయి. ఆ కారులో ఫ్రేజియర్ పక్కన క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన ఒక భారీ మనిషి కూర్చున్నాడు. పోటీ రెండు రౌండ్లలోనే తేలిపోయింది. ఫ్రేజియర్‌ని ఫోర్‌మన్ ఆరుసార్లు పడగొట్టాడు. ఫ్రేజియర్ పడ్డప్పుడల్లా ఈ పెద్దమనిషి, ఫోర్‌మన్ మనుషులుండే రింగ్ మూల వైపు కొంచెం కొంచెం జరిగాడట. రిఫరీ పోటీ ఆపేసరికి రింగెక్కి కొత్త చాంపియన్‌ని కావలించుకున్నాడు. తిరుగు ప్రయాణం ఫోర్‌మన్ కారులో, అవే సైరన్ల మధ్య.

ఇది ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన కథ కాదు. ఆ పెద్దమనిషి, తర్వాత బాక్సింగ్ ప్రమోటర్‌గా పేరుపడ్డ డాన్ కింగే ఏళ్ల తరబడి నవ్వుతూ చెప్పుకున్నాడు. "చాంపియన్‌తో వచ్చాను, చాంపియన్‌తో వెళ్లాను" అని. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన సంగతని అతనికి తట్టనే లేదు. నాకు ముఖ్యమనిపించేది అదే. అతని తర్వాతి ముప్పై ఏళ్ల వ్యాపారమంతా ఆ ఒక్క రాత్రిలో ఉంది.

నేనూ చాలాకాలం డాన్ కింగ్‌ని ఒక వినోదంగానే చూశాను. నిట్టనిలువుగా లేచిన ఆ జుట్టు, ఆ వజ్రాలు, చేతిలో అమెరికా జెండా, నోరు తెరిస్తే ఆగని మాటల వరద. ఇవన్నీ చూసి నవ్వుకునేవాణ్ణి. కాంట్రాక్టుల సంగతి చదవడం మొదలుపెట్టాక ఆ నవ్వు తగ్గిపోయింది. ఆ జుట్టు మనందరం అటే చూస్తూ ఉండటానికి. అసలు పని బల్ల మీద, కాగితాల్లో జరిగేది.

అతను ఎక్కడినుంచి వచ్చాడో ముందు చూద్దాం. 1931లో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే నంబర్లాటలోకి దిగాడు. చట్టం ఒప్పుకోని లాటరీ అది, మట్కా లాంటిదే అనుకోండి. మూడంకెల సంఖ్య మీద జనం చిల్లర పందేలు కాస్తారు. గెలిచే అవకాశం వెయ్యిలో ఒకటి. గెలిస్తే నిర్వాహకుడు ఇచ్చేది మాత్రం ఐదారు వందల రెట్లే. మిగిలిందంతా అతనిదే. ఇందులో ఫలానా అంకె రావాలని నిర్వాహకుడు దేవుడికి మొక్కుకోనక్కర్లేదు. ఏ అంకె వచ్చినా, రోజులు గడిచేకొద్దీ సొమ్ము అతని గల్లాపెట్టెకే చేరుతుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి. తర్వాత ఇదే రింగ్‌లోకి వస్తుంది.

ఆ వీధుల్లో రెండు ప్రాణాలు పోయాయి. 1954లో తన జూదం స్థావరాన్ని దోచుకోవడానికి వచ్చినవాళ్లలో ఒకణ్ణి కాల్చి చంపాడు. అది ఆత్మరక్షణ కింద పోయింది. 1966లో తన దగ్గర పనిచేసే మనిషినే, 600 డాలర్ల బాకీ కోసం, నడివీధిలో కొట్టి చంపాడు. జ్యూరీ హత్యానేరం ఖాయం చేసింది. జడ్జి దాన్ని తక్కువ నేరానికి దించాడు. నాలుగేళ్లు నిండకుండానే, 1971లో, జైలు నుంచి బయటికొచ్చాడు. 1983లో ఒహాయో గవర్నర్ క్షమాభిక్ష కూడా ఇచ్చాడు. జైల్లో షేక్‌స్పియర్ని చదివానని చెప్పుకునేవాడు. తర్వాతి ఉపన్యాసాల్లో ఆ చదువంతా చల్లేవాడు, సగం ఉచ్చారణ తప్పుగా. ఆ తప్పులూ కావాలనే చేసేవాడని నా అనుమానం.

బయటికొచ్చిన మూడేళ్లకి ఏం చేశాడో చూడండి. ముహమ్మద్ అలీ, ఫోర్‌మన్ ఇద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్లి తలా 50 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. 1971లో అలీ, ఫ్రేజియర్ తలపడ్డప్పుడు ఇద్దరికీ తలా 25 లక్షలు ముట్టాయి. అప్పటికి లోకం నోరెళ్లబెట్టిన మొత్తం అది. కింగ్ దానికి సరిగ్గా రెట్టింపు అన్నాడు. అతని దగ్గర ఆ డబ్బుందా? లేదు. సంతకాలు ముందు తీసుకున్నాడు, డబ్బు తర్వాత వెతికారు. ఆఫ్రికాలో జైర్ (ఇప్పటి కాంగో) నియంత మొబుటు తన దేశం పేరు ప్రపంచం నోట పలకాలనుకున్నాడు, ఖజానా తెరిచాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్నట్టు, పేద దేశం డబ్బుతో అమెరికా ప్రమోటర్ పేరు మారుమోగింది. 1974 అక్టోబర్ 30న, అమెరికాలో టీవీలు చూసే వేళకి సరిపోవాలని, ఆ దేశ రాజధాని కిన్షాసాలో తెల్లవారుజామున గంట కొట్టారు. ఎనిమిదో రౌండులో అలీ ఫోర్‌మన్‌ని పడగొట్టాడు. మరుసటి ఏడు ఫిలిప్పీన్స్‌లోని మనీలా, అలీ-ఫ్రేజియర్ మూడో పోరు. అక్కడ నియంత పేరు మార్కోస్.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. కింగ్ ఉత్త దొంగ అయితే ఇవాళ మనం అతని గురించి మాట్లాడుకోం. అతను పోటీల స్థాయి పెంచాడు, సొమ్ము పెంచాడు. 1993లో మెక్సికో సిటీ అజ్‌టెకా స్టేడియంలో మెక్సికో బాక్సర్ హూలియో సీజర్ చావెజ్ పోటీకి 1,32,274 మంది టికెట్ కొని వచ్చారు. ఆ పోటీ కట్టించింది కింగే. 1997లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ అతణ్ణి చేర్చుకుంది. రొట్టె పెద్దది చేశాడు, కాదనను. పంచే కత్తి ఎవరి చేతిలో ఉందన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు కాగితాల దగ్గరికి వద్దాం. బాక్సింగ్ గురించి తెలియనివాళ్ల కోసం చిన్న వివరం. ప్రమోటర్ పోటీ కట్టిస్తాడు, టికెట్లూ టీవీ హక్కులూ అమ్ముతాడు, బాక్సర్‌కి ఇంత అని ఇస్తాడు. ఆ ఇచ్చేదాన్ని పర్స్ అంటారు. మేనేజర్ బాక్సర్ తరఫు మనిషి. ప్రమోటర్‌తో బేరమాడి ఆ పర్స్ పెంచడం అతని పని, అందులో వాటా అతని కూలి. అంటే ప్రమోటర్ తగ్గించాలని చూస్తాడు, మేనేజర్ పెంచాలని చూస్తాడు. ఇద్దరూ పోట్లాడుకుంటేనే బాక్సర్‌కి మేలు.

హెవీవెయిట్ బాక్సర్ టిమ్ విథర్‌స్పూన్ విషయంలో ప్రమోటర్ డాన్ కింగ్. మేనేజర్ కార్ల్ కింగ్, డాన్ పెంపుడు కొడుకు. కంచే చేను మేసిందంటాం కదా, ఇక్కడ కంచె వేసినవాడే పశువుల్నీ తోలుకొచ్చాడు. మేనేజర్ వాటా మూడో వంతు దాటకూడదని నిబంధన. విథర్‌స్పూన్ చెప్పిన దాని ప్రకారం బాక్సింగ్‌ని నియంత్రించే ప్రభుత్వ కమిషన్‌కి చూపడానికి మూడో వంతు కాగితం ఒకటి, అసలు అమలయ్యే సగం వాటా కాగితం మరొకటి, అవి కాక ఏమీ రాయని తెల్లకాగితం మీద కూడా సంతకం పెట్టించుకున్నారు. 1986 జూలైలో లండన్ వెంబ్లీ స్టేడియంలో ఫ్రాంక్ బ్రూనోతో తలపడ్డాడు. విథర్‌స్పూన్ చాంపియన్, బ్రూనో చాలెంజర్. పదకొండో రౌండులో చాంపియన్ గెలిచాడు. ఓడిన బ్రూనోకి 9 లక్షల డాలర్లు ముట్టాయి. గెలిచిన విథర్‌స్పూన్ చేతికి అన్ని కోతలూ పోగా వచ్చింది దాదాపు 90 వేలు. మళ్లీ చెప్తాను, చాంపియన్‌కి చాలెంజర్‌లో పదో వంతు. బేరమాడాల్సిన ఇద్దరూ ఒకే ఇంట్లో భోంచేస్తే లెక్క ఇలాగే తేలుతుంది. విథర్‌స్పూన్ కోర్టుకెళ్లాడు. ఏళ్లు గడిచాక 10 లక్షల డాలర్లకి రాజీ పడ్డాడు. అప్పటికి అతని మంచి వయసు అయిపోయింది.

రెండో సాధనం పేరు ఆప్షన్. నా చాంపియన్‌తో తలపడే అవకాశం కావాలా? అయితే నువ్వు గెలిచిన పక్షంలో నీ తర్వాతి పోటీలన్నీ నా ద్వారానే ఆడతానని ఇప్పుడే సంతకం పెట్టు. చాలెంజర్ పెట్టకపోతే పోటీయే లేదు, పెడితే గెలిచినా ఓడినా కింగ్‌కే లాభం. క్లీవ్‌లాండ్ నంబర్లాట గుర్తొచ్చిందా? ఏ అంకె వచ్చినా సరే. కింగ్‌స్టన్‌లో కార్లు మారాల్సి వచ్చింది. ఆప్షన్ చేతికొచ్చాక కారు దిగే పని కూడా లేదు.

ఒక్కసారి మాత్రం ఈ లెక్క అడ్డం తిరిగింది. 1990 ఫిబ్రవరి 11, టోక్యో. ఎవరూ లెక్కలోకి తీసుకోని బస్టర్ డగ్లస్ పదో రౌండులో కింగ్ చేతిలో ఉన్న చాంపియన్ మైక్ టైసన్‌ని పడగొట్టాడు. డగ్లస్ మీదా కింగ్‌కి హక్కులున్నాయి. కానీ టైసన్ ఒక్కడి విలువ మిగతా అందరికంటే ఎక్కువ. అందుకే ఎనిమిదో రౌండులో డగ్లస్ పడ్డప్పుడు రిఫరీ నెమ్మదిగా లెక్కపెట్టాడంటూ కింగ్ గొడవ చేశాడు. టైటిళ్లు ఇచ్చే రెండు బాక్సింగ్ సంస్థలు ఫలితాన్ని ఆపిపెట్టాయి కూడా. ప్రపంచమంతా చూసిన నాకౌట్ అది. జనం తిట్టిపోశాక వెనక్కి తగ్గారు. రెండు మూలలూ తనవైనా అతనికి ఒక మూల ముద్దు అని ఆ రోజు బయటపడింది.

అలీ సంగతి చెప్పకుండా ముగించలేను. చెప్పాలంటే కష్టంగానే ఉంటుంది. 1980 అక్టోబర్‌లో, శరీరం అప్పటికే చెడిపోతున్న అలీని లాస్ వేగస్‌లో చాంపియన్ లారీ హోమ్స్ మీదికి పంపారు. ఒప్పుకున్న పర్స్ 80 లక్షల డాలర్లు. అందులో దాదాపు 12 లక్షలు కింగ్ ఎగ్గొట్టాడని అలీ కేసు వేశాడు. ఆ తర్వాత అలీ ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు, అతని పాత మిత్రుడొకరు 50 వేల డాలర్ల నోట్లున్న సూట్‌కేసుతో వచ్చాడు. పంపింది కింగ్. ఈ కాగితం మీద సంతకం పెడితే ఈ డబ్బు నీది. అలీ పెట్టేశాడు, కేసు పోయింది. అతని లాయర్ ఆ మాట విని ఏడ్చాడని చెప్తారు. పన్నెండు లక్షలకి యాభై వేలు. కానీ ఆ యాభై వేలు కళ్లముందు నోట్ల రూపంలో ఉన్నాయి.

మోసపోయామని తెలిసీ మళ్లీ మళ్లీ అతని దగ్గరికే ఎందుకు వెళ్లారు అని అడగొచ్చు. హోమ్స్‌నే చూడండి. కింగ్ చూడ్డానికి నల్లవాడు, బతికేది తెల్లవాడిలా, ఆలోచించేది డాలర్ పచ్చనోటులా అన్నాడు. ఆ మాట అన్న హోమ్స్ కూడా ఏళ్ల తరబడి అతని కిందే ఆడాడు. నాకు తోచిన కారణాలు రెండు. ఒకటి ఆ నోట్ల సూట్‌కేసు. పేదరికంలో పెరిగిన కుర్రాడికి చేతిలో పెట్టిన పదివేలకీ కోర్టులో రాబోయే పది లక్షలకీ పోలికే లేదు, పదివేలే పెద్దవి. రెండోది రంగు. ఇన్నాళ్లూ తెల్ల వ్యాపారులు మిమ్మల్ని తిన్నారు, నేను మీవాణ్ణి అని కింగ్ అనేవాడు. మొదటి సగం నిజమే కావడం వల్ల రెండో సగాన్ని నమ్మారు.

కింగ్‌కి పోటీగా ఉన్న ప్రమోటర్ బాబ్ ఆరమ్ హార్వర్డ్‌లో చదివిన లాయరు. అతనూ కడిగిన ముత్యమేం కాదు. ఫోర్‌మన్ పోటీకి అనుమతి కోసం ఒక బాక్సింగ్ సంస్థకి లక్ష డాలర్లు ముట్టజెప్పానని 2000లో కోర్టులో తనే ఒప్పుకున్నాడు. బాక్సర్ వెళ్లగలిగిన ఇంకో గుమ్మం అదీ.

టైసన్ 1998లో కింగ్ మీద 10 కోట్ల డాలర్లకి దావా వేశాడు. 2003లో దివాలా పిటిషన్ పెట్టాడు. 2004లో 1.4 కోట్లకి రాజీ పడ్డాడు. కింగ్ మీద ప్రభుత్వం పెట్టిన పన్ను ఎగవేత, బీమా మోసం కేసులు రెండూ నిలబడలేదు, నిర్దోషిగా బయటికొచ్చాడు. ఒక్క అమెరికాలోనే ఇది సాధ్యం అన్నది అతని ఊతపదం. ఆ మాటకి అతనికంటే మంచి రుజువు దొరకదు.

2000 మేలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. దాని పేరు ముహమ్మద్ అలీ బాక్సింగ్ సంస్కరణ చట్టం. ప్రమోటర్‌కీ మేనేజర్‌కీ మధ్య గోడ కట్టమంది. బలవంతపు ఆప్షన్లకి ఏడాది గడువు పెట్టింది. ఈ పోటీ మీద నాకు ఇంత వస్తోంది అని ప్రమోటర్ బాక్సర్‌కి లెక్క చూపాలంది. వెంబ్లీలో విథర్‌స్పూన్ కళ్లకి ఎవరూ చూపని కాగితం అది. ఆ పోటీ ముగిసి అప్పటికి పద్నాలుగేళ్లు.

ఆ చట్టం వచ్చిన మూడు నెలలకి, ఆగస్టులో, ఖాళీగా ఉన్న హెవీవెయిట్ టైటిల్ కోసం లాస్ వేగస్‌లో ఇవాండర్ హోలీఫీల్డ్, జాన్ రూయిజ్ తలపడ్డారు. ఇద్దరి ప్రమోటరూ డాన్ కింగే.