హాజి నారుమడి: గొప్ప ఆటగాడు మంచి కోచ్ కాలేడన్న మాట ఎంతవరకు నిజం?

నమస్కారం. గొప్ప ఆటగాళ్లు మంచి కోచ్‌లు కాలేరన్న మాట ఫుట్‌బాల్ అభిమానుల నోట తరచుగా వినిపిస్తుంది, ఆ మాటకు సాక్ష్యంగా చూపే పేర్లలో రొమేనియా మిడ్‌ఫీల్డర్ గెయోర్గె హాజి పేరు ఒకటి. ఆయన గోల్స్‌ను వరుసగా చూపించే వీడియోలన్నీ 2001తో ఆగిపోతాయి. ఆ తర్వాత ఏమైందని ఎవరైనా అడిగితే 'కోచ్‌గా విఫలమయ్యాడు' అన్న ఒక్క వాక్యంతో ముగించేస్తారు. ఆ ఒక్క వాక్యం నన్ను చాలాకాలంగా చికాకు పెడుతోంది, ఎందుకంటే హాజి జీవితంలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచే భాగం సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. ఇంకొక చిన్న చికాకు కూడా ఉంది. ఆ పేరును ఆంగ్ల అక్షరాల్లో చూసి 'హగి' అని పలుకుతున్నారు, రొమేనియన్‌లో అది 'హాజి'. మనకు తెలిసిన హాజీ అన్న మాటే అది. ఒట్టోమన్ల కాలంలో బాల్కన్ ప్రాంతంలో జెరూసలేం యాత్ర చేసివచ్చిన క్రైస్తవులు కూడా ఆ బిరుదును ధరించేవారు.

విషయానికి వచ్చేముందు నారుమడిని ఒకసారి గుర్తు చేసుకోవాలి. వరి సాగులో విత్తనాన్ని నేరుగా పెద్ద పొలంలో చల్లకుండా, ముందు చిన్న మడిలో నారు పోసి, అది తగిన వయసుకు వచ్చాక పీకి, దున్ని సిద్ధం చేసిన పొలంలో నాటుతారు. మరీ లేత నారును నాటితే నిలదొక్కుకోలేక వాలిపోతుంది, ముదురు నారును నాటితే బతుకుతుంది కానీ పిలకలు తక్కువ వేస్తుంది. హాజి కథ మొత్తాన్ని, ఆటగాడిగానైనా కోచ్‌గానైనా, ఈ నారుమడి లెక్కతోనే చెప్పవచ్చునని నా అభిప్రాయం.

1965 ఫిబ్రవరి 5న నల్ల సముద్రతీరంలోని కాన్‌స్టాంట్సా జిల్లా సచెలె గ్రామంలో, అరోమేనియన్ (బాల్కన్ ప్రాంతంలో రొమేనియన్‌కు దగ్గరి భాష మాట్లాడే ఒక జాతి) కుటుంబంలో ఆయన పుట్టారు. కాన్‌స్టాంట్సా నగరపు క్లబ్బు ఫారుల్‌లో ఆట నేర్చుకున్నారు. దేశం నలుమూలల నుంచి ప్రతిభ గల పిల్లలను ఏరి ఒకచోట పెంచడానికి కమ్యూనిస్టు ప్రభుత్వం బుఖారెస్టులో నడిపిన లుచాఫరుల్ అనే జట్టులో కొంతకాలం ఉన్నారు. అంటే ఆయన కూడా ఒక నారుమడిలో పెరిగిన మొక్కే. 1983లో పద్దెనిమిదేళ్ల వయసులో జాతీయ జట్టుకు తొలి మ్యాచ్ ఆడారు, బుఖారెస్టు విద్యార్థుల క్లబ్బు స్పోర్తుల్ స్టుడెంట్సెస్క్ తరఫున రెండు సీజన్ల పాటు వరుసగా దేశంలో అత్యధిక గోల్స్ చేసినవారయ్యారు. ఒక మిడ్‌ఫీల్డర్ 1985–86 సీజన్‌లో 31 గోల్స్ చేయడాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాతి సంగతి మరింత విచిత్రమైనది. 1986లో యూరోపియన్ కప్పు (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) గెలిచిన బుఖారెస్టు సైనిక క్లబ్బు స్టెయావా, డైనమో కీవ్‌తో జరగాల్సిన యూరోపియన్ సూపర్ కప్పు మ్యాచ్ కోసం, ఆ ఒక్క మ్యాచ్ కోసమే హాజిని తీసుకుంది. 1987 ఫిబ్రవరిలో మొనాకోలో జరిగిన ఆ మ్యాచ్‌లో ఏకైక గోల్‌ను ఆయనే ఫ్రీకిక్ ద్వారా చేశారు, ఆ తర్వాత స్టెయావా ఆయనను తిరిగి పంపనే లేదు. అక్కడ లీగ్ టైటిళ్లు గెలిచి, 1989లో యూరోపియన్ కప్పు ఫైనల్ దాకా వెళ్లి మిలాన్ చేతిలో 4–0 తేడాతో ఓడారు. అప్పటి రొమేనియా ప్రభుత్వం తన ఆటగాళ్లను విదేశీ క్లబ్బులకు వెళ్లనిచ్చేది కాదు కనుక, కమ్యూనిస్టు నియంత చౌషెస్కు పాలన 1989 డిసెంబరులో కూలిపోయిన తర్వాతే, 1990 ప్రపంచకప్పు ముగిశాక, హాజి రియల్ మాడ్రిడ్‌కు చేరగలిగారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. నారు మడిలోనే ముదిరిపోయిందన్నమాట.

ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకుంటే ఆ తర్వాతి ఆరేళ్లు అర్థమవుతాయి. మాడ్రిడ్‌లో రెండేళ్లు గడిచినా వేరు పట్టలేదు. 1992లో సాటి రొమేనియన్ మిర్చా లూచెస్కు శిక్షణలో ఉన్న ఇటలీ క్లబ్బు బ్రెషాకు వెళ్తే, ఆ జట్టు మొదటి సీజన్‌లోనే రెండో శ్రేణికి జారిపోయింది. హాజి మాత్రం వదిలి వెళ్లకుండా అక్కడే ఆడి, జట్టు తిరిగి పైకి రావడంలో తోడ్పడ్డారు. ఇటలీ రెండో శ్రేణిలో ఆడుతున్న అదే మనిషి 1994 వేసవిలో అమెరికా వెళ్లి ప్రపంచకప్పును ఊపేశారన్న వాస్తవాన్ని ఆ గోల్స్ వీడియోలు చెప్పవు.

[తెరపై: పసాడెనా, 18 జూన్ 1994]

కొలంబియాపై ఆయన చేసిన గోల్ మీరు చూసే ఉంటారు: ఎడమ పక్క నుంచి, అందరూ క్రాస్ వస్తుందనుకుంటున్న చోటు నుంచి, బంతి గోల్‌కీపర్ తల మీదుగా వెళ్లి వలలో పడుతుంది. నాకు దానికంటే అర్జెంటీనాను 3–2తో ఓడించిన మ్యాచ్ ఎక్కువ ఇష్టం. డుమిట్రెస్కు రెండు గోల్స్ చేయగా మూడవది హాజిది, 'కార్పాతియన్ల మారడోనా' అని పిలిపించుకున్న మనిషి అర్జెంటీనాపై గోల్ చేసిన ఆ రోజున అసలు మారడోనా డోపింగ్ పరీక్షలో పట్టుబడి ఆటకు దూరమై ఉన్నారు. రొమేనియా క్వార్టర్ ఫైనల్‌లో స్వీడన్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది, కానీ ఆ దేశం ప్రపంచకప్పుల్లో అంతకంటే ముందుకు ఎన్నడూ వెళ్లలేదు.

ఆ తర్వాత బార్సిలోనాలో కోచ్ యోహాన్ క్రైఫ్ దగ్గర రెండేళ్లు ఉన్నారు. అక్కడ ఆడింది తక్కువే అయినా చూసింది చాలా ఎక్కువని, దాని ఫలితం పదిహేనేళ్ల తర్వాత తెలిసిందని నేను నమ్ముతాను. 1996లో ఇస్తాంబుల్ క్లబ్బు గలతాసరాయ్‌కు చేరి, చివరికి అక్కడ వేరు పట్టారు: వరుసగా నాలుగు లీగ్ టైటిళ్లు, 2000లో ఆర్సెనల్‌పై యూరప్ క్లబ్బుల మరో పోటీ అయిన యూఏఫా కప్పు, ఆ వెంటనే రియల్ మాడ్రిడ్‌పై సూపర్ కప్పు. ఆర్సెనల్‌తో జరిగిన ఆ ఫైనల్ అదనపు సమయంలో రెడ్ కార్డు చూసి బయటికి వెళ్లిపోయారు. చివరి పెనాల్టీని గోల్ చేసి కప్పు తెచ్చినవారు ఆయన తోడల్లుడు గెయోర్గె పోపెస్కు. కొద్ది వారాలకే యూరో 2000లో ఇటలీతో జరిగిన తన చివరి అంతర్జాతీయ మ్యాచ్‌లో కూడా ఆయన రెడ్ కార్డుతోనే మైదానం వీడారు. 124 మ్యాచ్‌లు, 35 గోల్స్ ఉన్న మనిషికి అది తగిన వీడ్కోలు కాదు, కానీ ఆ కోపాన్ని పక్కన పెట్టి హాజి గురించి చెప్పడం కూడా నిజాయితీ కాదు.

ఇక కోచ్‌గా. విఫలమయ్యారనే వారు చూపేదంతా 2001 నుంచి 2011 దాకా జరిగినది. ఆట మానిన ఏడాదే ఆయనకు జాతీయ జట్టును అప్పగించారు. ఆ నవంబరులో స్లొవేనియాతో జరిగిన ప్లేఆఫ్‌లో రొమేనియా మొదటి మ్యాచ్‌ను 2–1తో ఓడి, బుఖారెస్టులో 1–1తో సరిపెట్టుకుని 2002 ప్రపంచకప్పుకు దూరమైంది, ఆయన పదవీ అంతటితో ముగిసింది. బుర్సాస్పోర్‌లోనూ, రొమేనియాలోని టిమిషోవారాలోనూ ఎక్కువకాలం నిలవలేదు. గలతాసరాయ్‌లో 2005లో ఫెనర్‌బాచెను 5–1తో చిత్తుచేసి టర్కీ కప్పు గెలిచారు, ఆ జట్టులో యువకుడైన ఫ్రాంక్ రిబేరీ ఉన్నారు. అయినా లీగ్ టైటిల్ రాలేదు కనుక సీజన్ చివరికి వెళ్లిపోవలసి వచ్చింది. 2007లో స్టెయావాను ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశకు చేర్చి, ఎవరిని ఆడించాలన్న విషయంలో క్లబ్బు యజమానితో విభేదించి సెప్టెంబరులోనే రాజీనామా చేశారు. 2010లో గలతాసరాయ్‌కు మళ్లీ వెళ్లి కొన్ని నెలలకే తిరిగి వచ్చారు.

ఇవన్నీ కౌలు పొలాలు. ఫుట్‌బాల్ కోచ్ అనేవాడు నూటికి తొంభైమంది విషయంలో కౌలు రైతే: విత్తనం ఎవరో ఎంచి ఉంటారు, నారు ఎవరో పోసి ఉంటారు, భూస్వామి గట్టు మీద నిలబడి ఏ మొక్క పీకాలో కేకలు వేస్తుంటాడు, పంట రాకపోతే మరుసటి సీజన్‌కు కౌలు రద్దవుతుంది. కొందరు ఆ పద్ధతిలో కూడా బంగారం పండిస్తారు, హాజి పండించలేకపోయారు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేదు. ఆయనకు ఓర్పు తక్కువ, పైవాడి మాట వినే స్వభావం అంతకన్నా తక్కువ. నా అభ్యంతరమల్లా, కౌలు పొలాల లెక్క చూసి ఆయనకు వ్యవసాయమే రాదని తీర్పు చెప్పడం మీద.

2009లో ఆయన సొంత డబ్బుతో కాన్‌స్టాంట్సా పక్కనున్న ఒవిడియు పట్టణంలో ఒక ఫుట్‌బాల్ అకాడమీని, దానికి అనుబంధంగా ఒక క్లబ్బును స్థాపించారు. క్లబ్బు పేరు వీటోరుల్, అంటే భవిష్యత్తు. పాత వ్యవస్థ కూలిన తర్వాత ప్రభుత్వ శిక్షణ కేంద్రాలు క్షీణించి, క్లబ్బులు తయారైన ఆటగాళ్లను కొనుక్కోవడం మీదనే ఆధారపడుతున్న దేశంలో ఇది దాదాపు వింత ఆలోచన. నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అని మనం దేవుడి మీద భారం వేసి అంటాం. ఇక్కడ నారు పోసినవాడు, నీరు పెట్టినవాడు, గట్టు మీద కావలి కాసినవాడు అందరూ ఒక్కరే. మూడో శ్రేణిలో మొదలైన వీటోరుల్ 2010లో రెండో శ్రేణికి, 2012లో మొదటి శ్రేణికి ఎక్కింది. 2014లో హాజి కోచ్ బాధ్యతను కూడా తానే తీసుకున్నారు, దాంతో యజమాని జోక్యం అన్న సమస్యే లేకుండా పోయింది.

ఆ జట్టు ఆటను చూస్తే క్రైఫ్ దగ్గర గడిపిన రెండేళ్లు వృథా కాలేదని తెలుస్తుంది. బంతిని గోల్‌కీపర్ దగ్గర నుంచే పాస్‌లతో ముందుకు తేవడం, తప్పు చేసినా భయపడి దూరంగా తన్నేయకపోవడం, ఇరవై ఏళ్లు నిండని పిల్లలకు ఆ తప్పులు చేసే అవకాశాన్ని మొదటి శ్రేణి మ్యాచ్‌లలోనే ఇవ్వడం అక్కడి పద్ధతి. కౌలు కోచ్ ఎవరూ అంత సాహసం చేయలేరు, ఎందుకంటే ఆ తప్పుల వల్ల పోయే మొదటి ఉద్యోగం అతనిదే.

2016–17లో ఆ పిల్లల జట్టు రొమేనియా ఛాంపియన్ అయింది. బుఖారెస్టు క్లబ్బు ఎఫ్‌సీఎస్‌బీతో పాయింట్లు సమానమయ్యాయి, ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌ల లెక్కలో వీటోరుల్‌కు టైటిల్ దక్కింది. ఆ లెక్క మీద వివాదం అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లినా ఫలితం మారలేదు. పుట్టి ఎనిమిదేళ్లయిన క్లబ్బు అది. అయితే ఆ వేసవిలోనే ఛాంపియన్స్ లీగ్ అర్హత దశలో సైప్రస్ జట్టు అపోయెల్ చేతిలో ఓడింది. నారు అమ్మి బతికే మడిలో కోతల దాకా నిలిచే పైరు తక్కువగానే ఉంటుంది.

అకాడమీలో పెంచిన ఆటగాళ్లను ఇతర క్లబ్బులకు అమ్మడంలో కూడా అన్నీ సరిగ్గా జరగలేదు. క్రిస్టియాన్ మానెయాను చిన్న వయసులోనే చెల్సీ కొన్నది, అతడు చెల్సీ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. హాజి కొడుకు యానిస్ 17 ఏళ్లకే 2016లో ఇటలీ క్లబ్బు ఫియొరెంటీనాకు వెళ్లి, అక్కడ మైదానంలోకి దిగడమే అరుదై, 2018 జనవరిలో వీటోరుల్‌కు తిరిగి వచ్చాడు. తండ్రి 25 ఏళ్లకు ముదిరిన నారుగా వెళ్తే, కొడుకు లేత నారుగా వెళ్లాడు. తిరిగి వచ్చాక సొంత మడిలో కోలుకుని 2019లో బెల్జియం క్లబ్బు గెంక్‌కు, అక్కడి నుంచి గ్లాస్గో రేంజర్స్‌కు వెళ్లాడు. మరో వీటోరుల్ ఆటగాడు రజ్వాన్ మారిన్ విషయంలో మాత్రం వయసు సరిగ్గా కుదిరింది: బెల్జియంలోని స్టాండర్డ్ లీజ్, అక్కడి నుంచి ఆయాక్స్, ఆ తర్వాత ఇటలీ.

సమయం అయిపోవస్తోంది, మిగిలినది వేగంగా చెబుతాను. 2019లో వీటోరుల్ రొమేనియా కప్పు గెలిచింది, అదే ఏడాది సూపర్ కప్పు కూడా. 2020లో హాజి కోచ్ పదవి వదిలారు. 2021లో వీటోరుల్‌ను తన చిన్ననాటి క్లబ్బు ఫారుల్‌తో కలిపేశారు. అప్పటి ఫారుల్ యజమాని మాజీ ఫార్వర్డ్ చిప్రియాన్ మరీకా ఇందులో భాగస్వామి. హాజి మళ్లీ కోచ్‌గా వచ్చి 2022–23లో ఫారుల్‌ను ఛాంపియన్‌గా నిలిపారు. టైటిల్ ఖాయమైన మ్యాచ్ ఒవిడియులో ఎఫ్‌సీఎస్‌బీతోనే, 0–2తో వెనకబడి 3–2తో గెలిచారు. ఆ మ్యాచ్‌కే ఒక వీడియో పడుతుంది, తప్పకుండా చేస్తాను.

చివరిగా ఒక దృశ్యం. 2024 జూన్ 17, మ్యూనిక్, యూరో కప్పులో రొమేనియా ఉక్రెయిన్‌ను 3–0తో ఓడించింది. రెండో గోల్ రజ్వాన్ మారిన్ చేశాడు, మూడో గోల్ డెనిస్ ద్రగుష్ చేశాడు. ఇద్దరూ వీటోరుల్ నుంచి వచ్చినవారే.