పది పౌండ్లకు అమ్ముకున్న నవల: జేన్ ఆస్టిన్ కథ

(తెర మీద: ఇంగ్లండ్ పది పౌండ్ల నోటు, దగ్గరగా)

ఈ నోటు మీద ఉన్నావిడ పేరు జేన్ ఆస్టిన్. 2017లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఈమె బొమ్మ వేసింది. సరిగ్గా ఇదే పది పౌండ్లకు ఆమె ఒకప్పుడు తన నవల అమ్ముకుంది.

అది 1803. జేన్‌కి ఇరవై ఏడేళ్లు. లండన్‌లో క్రాస్బీ అనే పబ్లిషర్ ఆ నవల కొన్నాడు, త్వరలో వస్తుందని ప్రకటన కూడా ఇచ్చాడు. పుస్తకం మాత్రం రాలేదు. ఆరేళ్లు చూసి, 1809లో మారుపేరుతో గట్టిగానే ఉత్తరం రాసింది. కావాలంటే పది పౌండ్లు కట్టి తీసుకెళ్లమని జవాబొచ్చింది. ఆమె అప్పుడు తీసుకోలేదు.

(తెర మీద: హాంప్‌షైర్ పల్లె, చిన్న చర్చి)

జేన్ పుట్టింది 1775 డిసెంబర్ 16న, స్టీవెంటన్‌ అనే పల్లెలో. తండ్రి అక్కడి చర్చి పాస్టర్. ఎనిమిది మంది పిల్లల్లో ఆడపిల్లలు ఇద్దరే, అక్క కసాండ్రా, జేన్. 1802లో ఓ ఆస్తిపరుడి కొడుకు పెళ్లి చేసుకుంటానని అడిగాడు. సాయంత్రం సరేనంది, తెల్లారేసరికి వద్దంది. చేతిలో డబ్బు లేని ఆడపిల్లకి ఆ రోజుల్లో అది ఎంత పెద్ద నిర్ణయమో ఆలోచించండి. రెండేళ్లకే తండ్రి పోయాడు. తల్లీ కూతుళ్లు అన్నదమ్ములు పంపే డబ్బుతో బతకాల్సొచ్చింది. ఆమె నవలల్లో ఎవరికి ఏడాదికి ఎంత ఆదాయమో అంత కచ్చితంగా ఎందుకు ఉంటుందో నాకు ఇక్కడే అర్థమైంది.

(తెర మీద: చాటన్ ఇల్లు, కిటికీ పక్కన చిన్న బల్ల)

1809లో అన్న ఎడ్వర్డ్ చాటన్‌లో ఇల్లు ఇచ్చాడు. ఆ తర్వాతి రాత అక్కడే సాగింది. 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ వచ్చింది. రచయిత పేరు ఉండాల్సిన చోట ‘ఒక స్త్రీ’ అని మాత్రమే ఉంది. దాని మీద 140 పౌండ్లు మిగిలాయి. తర్వాత ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. 150 ఆశించింది, 110కే హక్కులు మొత్తం ఇచ్చేసింది. 1813 జనవరిలో వచ్చిన ఆ పుస్తకం అదే ఏడాది రెండోసారి అచ్చయింది. ఆ లాభంలో ఆమెకి పైసా రాలేదు. నాకైతే ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

1816లో అన్న హెన్రీ, క్రాస్బీ దగ్గరికి వెళ్లి పాత నవల వెనక్కి కొన్నాడు. అదే పది పౌండ్లకి! జేన్ మాత్రం దాన్ని అచ్చులో చూడలేదు. 1817 జులై 18న, నలభై ఒక్క ఏళ్లకే, వించెస్టర్‌లో కన్నుమూసింది. ఆ డిసెంబర్‌లో అది ‘నార్తాంగర్ ఆబీ’గా వచ్చింది. రాసింది జేన్ ఆస్టిన్ అని అందులోనే హెన్రీ లోకానికి చెప్పాడు.

(తెర మీద: వించెస్టర్ కెథెడ్రల్, సమాధి రాయి)

సమాధి రాయి మీద ఆమె మంచితనం గురించి ఉంది, తెలివి గురించి ఉంది. నవలల ఊసు లేదు. ఆమె రచయిత్రి అని చెప్పే ఇత్తడి ఫలకం ఆ పక్క గోడ మీదకి 1872లో వచ్చింది.