కదలకుండా కూర్చోవడమే మర్యాదా?

సభకు నమస్కారం. నాటకానికో, కచేరీకో, కల్యాణోత్సవానికో వెళ్లి వచ్చిన మర్నాడు, అరవై దాటిన మనం మంచం దిగడానికి పడే అవస్థ గురించి మాట్లాడమని అడిగినప్పుడు, అది వైద్యులు చెప్పవలసిన విషయం కదా అన్నాను. నడుము నొప్పి ఉండి కూడా నాటకాలు మానని వాడికన్నా అర్హుడెవరు అన్నారు నిర్వాహకులు. ఒప్పుకోక తప్పలేదు.

ఒకసారి ఒంటిమిట్టలో రాములవారి కల్యాణానికి, చోటు పోతుందన్న భయంతో సాయంత్రమే వెళ్లి, నాలుగు గంటలు కుర్చీకి అతుక్కుపోయాను. తలంబ్రాల వేళ అందరూ లేచారు. నేను ముందు కుర్చీ వీపు పట్టుకుని సగం లేచి అక్కడే ఆగిపోయాను. ఎడమ పిక్క రాయిలా బిగుసుకుంది. "నిదానం తాతా" అంటూ పక్కనున్న కుర్రవాడు చేయి అందించి నన్ను నిలబెట్టేసరికి తలంబ్రాలు అయిపోయాయి.

ఆ తప్పు వయసుది కొంత, నాది ఎక్కువ. కాళ్లలోకి దిగిన రక్తాన్ని పైకి నెట్టే పని పిక్క కండరాలది. పాదం కదలకపోతే ఆ పని మందగించి చీలమండల దగ్గర నీరు చేరుతుంది. కీలులో ఎముకల చివర ఉండే మెత్తటి పొరకు రక్తనాళాలు లేవు కాబట్టి, దానికి పోషణ కీలులోని జిగురు ద్రవం నుంచే, అదీ కదలిక వల్లనే, అందుతుంది. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుంది కనుక, ఇరవై ఏళ్లప్పుడు తెలియని బరువు ఇప్పుడు నడుముకు తెలుస్తుంది. దీనికి తోడు, మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తాం, అదీ కడప ఎండల్లో!

1885లో మన జిల్లా సురభి గ్రామంలో సురభి నాటకం పుట్టిన తర్వాత మన పెద్దలు ఎన్ని రాత్రులు తెల్లవార్లూ నాటకాలు చూశారో! వాళ్లు చాప, బొంత తెచ్చుకున్నారు. కాసేపు కూర్చుని, కాసేపు ఒరిగి, బీడీకో టీకో లేచి వెళ్లి వచ్చారు. వరుస కుర్చీలు వచ్చాకే కదలకపోవడం మర్యాద అయింది. అలాగని మోకాళ్లు అరిగినవారిని మళ్లీ నేల మీద బాసింపట్టు వేయమనను. అది వారికి శిక్షే.

నేను ఇప్పుడు నడవ పక్క చివరి కుర్చీ ఎంచుకుంటాను. ప్లాస్టిక్ కుర్చీలో నడుము లోపలికి కూరుకుపోతుంది కనుక, సన్మానాల్లో కప్పిన శాలువా ఒకటి మడిచి నడుము వెనక పెట్టుకుంటాను. ఆ శాలువాలకు ఇంతకన్నా సార్థకత లేదని నా అభిప్రాయం. నటుడు పద్యం చివర రాగం అందుకోగానే మడమలు ఎత్తి దించుతుంటాను. మన పద్యనాటకంలో రాగాలకు కొదవ లేదు కనుక వ్యాయామానికీ లోటు రాదు. అరగంటకొకసారి లేచి వెనక గోడ దగ్గర నిలబడి చూస్తాను. లేచేటప్పుడు కుర్చీ అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముందుకు వంగి లేచి, నిలబడ్డాక నాలుగు ఊపిరులు ఆగి అడుగు వేస్తాను. రక్తపోటు ఒక్కసారిగా పడి కళ్లు తిరిగే ప్రమాదం మన వయసులో ఎక్కువ.

ముందుజాగ్రత్తగా నొప్పి మాత్ర వేసుకుని వచ్చే మిత్రులున్నారు. రక్తపోటుకు మందులు వాడేవారు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఆ పని చేయవద్దు. ఒక్క కాలే వాచి, వేడెక్కి నొప్పి పుడితే, లేదా ఛాతీ బరువెక్కి ఆయాసం వస్తే, అది కూర్చున్నందువల్ల వచ్చే మామూలు నొప్పి అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నిర్వాహకులకు ఒక్క మనవి. నాటకానికి ముందు గంటన్నర సన్మానాలు పెడితే, తెర లేచేసరికే మా నడుములు పడిపోతున్నాయి. ఈరోజు వెనక గోడ పక్కన కొంత జాగా ఖాళీగా ఉంచమని కోరాను, ఉంచారు. ప్రశ్నలు అడగదలచినవారు అక్కడికి నడిచి వెళ్లి, నిలబడి అడగవలసిందిగా ప్రార్థన.