ఎళుబదా, ఎణ్బదా?

అందరికీ నమస్కారం. చెన్నైలో అంబత్తూరు ఎస్టేట్‌లో నాదొక చిన్న లేత్ షెడ్డు, అంటే ఇనుప రాడ్డును తిప్పుతూ కోసే మిషను. ఆరుగురం పనిచేస్తాం. వ్యాపారంలో గెలుపు గురించి మాట్లాడమన్నారు. గెలుపు సంగతేమో గానీ, దెబ్బతిన్న చోటు మాత్రం చూపించగలను.

షెడ్డు పెట్టిన రెండో ఏడు ఫోన్‌లో ఆర్డరొచ్చింది, రెండు వందల బుష్‌లు, అంటే గొట్టంలాంటి చిన్న విడిభాగాలు. పొడవు తమిళంలో చెప్పారు. నాకు 'ఎళుబదు' అని వినిపించింది, అంటే డెబ్బై. పక్కన లేత్ మోత, పైగా నావి నెల్లూరు చెవులు. ఆయనన్నది 'ఎణ్బదు', ఎనభై మిల్లీమీటర్లు. ఎనభైని డెబ్బైకి కోయొచ్చు, డెబ్బైని ఎనభై చేసే మిషను ఇంకా పుట్టలేదు. మొత్తం తుక్కు కింద పోయింది. అప్పట్నుంచి ఎవరు ఫోన్‌లో కొలత చెప్పినా అంకెల్లో రాసి 'సరేనా సార్?' అని వాట్సాప్ పెడతాను. జవాబొచ్చాకే రాడ్డును లేత్ పట్టులో, అదే చక్‌లో, బిగిస్తాం. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇక డబ్బు. అక్కడ మనకి మొహమాటం ఎక్కువ. 'మీ వీలు చూసి ఇవ్వండి' అంటాం. ఆ వీలు ఎప్పటికీ రాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు, గడువు రాసుకోకపోతే సరుకు తీసుకున్న 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులు దాటకుండా కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ, అదీ నెలనెలా. సరుకు మీద అభ్యంతరముంటే 15 రోజుల్లోపు రాసి పంపాలి. మూడు నెలలయ్యాక 'సైజు తేడా' అంటే కుదరదు. 2024 ఏప్రిల్ నుంచి, గడువు దాటించిన బకాయిని కొన్న కంపెనీ తన ఆదాయపన్ను లెక్కలో కట్టిన ఏడాదే ఖర్చుగా చూపుకోవాలి. అందుకే మార్చి వస్తే ఎదుటి కంపెనీ అకౌంటెంట్లే మనల్ని వెతుక్కుంటున్నారు!

వడ్డీ కోసం ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయొచ్చు. నేనింతవరకు వేయలేదు. వేస్తే డబ్బు రావచ్చు, ఆ కస్టమర్ మళ్లీ రాడు. ఇన్వాయిస్ మీద ఉద్యం నంబరు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదైన నంబరు), గడువు తేదీ అచ్చు వేయిస్తాను, అంతే. వారం ముందు ఒక మెసేజ్. తేదీ దాటితే ప్రతి మంగళవారం పదకొండింటికి ఫోన్. దెప్పను, బతిమాలను. 'సార్, ఫలానా ఇన్వాయిస్, గడువు తొమ్మిదో తేదీతో అయిపోయింది' అని పెట్టేస్తాను. ఒకాయనకి అలా పద్నాలుగు మంగళవారాలు చేశాను. పదిహేనో మంగళవారం పది గంటలకే ఆయన ఫోనొచ్చింది. 'చెక్కు రాసి పెట్టాను, పదకొండింటికి మాత్రం చేయకు బాబూ' అన్నారు.