పులస మెట్లెక్కదు

అందరికీ నమస్కారం. భోజనాల టైం అవుతోంది, ఇక్కడున్నదేమో ఎక్కువమంది సివిల్ ఇంజినీరింగ్ పిల్లలు, కాబట్టి సూటిగా విషయానికి వచ్చేస్తాను: మనం నీళ్లకి కట్టే అడ్డాలు దాటి చేపలు ఎలా వెళ్లాలి?

మన ప్రకాశం బ్యారేజీ మీద మీరు రోజూ తిరుగుతూనే ఉంటారు. 1855లో పాత ఆనకట్ట పూర్తయింది, 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. డెల్టాకి అన్నం పెట్టిన కట్టడం, దాన్ని నేనేమీ అనను. కానీ హంసలదీవి వైపు నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేపకి మాత్రం అది గోడే. వరదకి గేట్లు ఎత్తితే దారి దొరికినట్టే ఉంటుంది గానీ, గేటు కింద నుంచి దూసుకొచ్చే నీటికి ఎదురెళ్లడం చాలా చేపల వల్ల కాదు.

చేపలు అడ్డం దాటి పైకెళ్లేలా మెట్లు కడదాం అనగానే అందరూ సాల్మన్ వీడియోలు చూపిస్తారు. అది ఎగిరి దూకే చేప. పులస అలా ఎగరదు, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వచ్చి, అడ్డు తగిలితే ఆ కిందే తిరుగుతూ వలలో పడుతుంది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎగువన అలహాబాద్ దాకా వెళ్లే పులస దాదాపు కనబడకుండా పోయింది.

మలుగు పాము, అంటే పాములా పొడుగ్గా ఉండే ఈల్ చేప, దానిది రివర్సు. సముద్రంలో పుట్టి, పిల్లగా నదుల్లోకి వచ్చి, ఏళ్లతరబడి మంచినీళ్లలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ సముద్రానికే పోతుంది. పిల్లలకి వేగంగా ఈదే బలం లేదు, కానీ తడి గోడ దొరికితే పాకేస్తాయి! అందుకే యూరప్‌లో వాలు తొట్టిలో బ్రష్షు కుచ్చులు బిగించి పైనుంచి సన్నగా నీళ్లు వదులుతారు. న్యూజిలాండ్ వాళ్లది ఇంకా చవక పని, ఆల్చిప్పల పెంపకానికి వాడే పీచు తాళ్లని, రోడ్డు కింద వాగు నీళ్లు పోయే కల్వర్టు పైపులోంచి కింది మడుగులోకి వేలాడదీస్తారు. తిరుగు ప్రయాణం వేరే తలనొప్పి, పెద్ద మలుగులు కరెంటు తీసే టర్బైన్లలో పడి తెగిపోతాయి, ఆ టర్బైన్ల ముందు సన్న సందుల జాలీ, పక్కనుంచి వేరే దారీ ఉండాలి.

నిజం చెప్పాలంటే నాకు బ్యారేజీల కంటే కల్వర్టుల మీదే కోపం ఎక్కువ. పైపుని వాగు మట్టం కంటే పైన వేస్తారు, నాలుగు వానలకి దాని మూతి కింద మట్టి కోసుకుపోతుంది, జానెడు ఎత్తు ఏర్పడినా చిన్న చేప అక్కడే ఆగిపోతుంది. పైపు అడుగు వాగు మట్టం కంటే కొంచెం కిందికి వేస్తే సరిపోయేది. వేసేసిన వాటికి కింద రాళ్లు పేర్చి వాలు చేయొచ్చు.

వేసవిలో కాలువలు కట్టేసి రిపేర్లు చేస్తారు కదా, ఆలోపు మీ ఊరి వాగు మీద కల్వర్టు పైపు అంచుకీ కింది నీటికీ ఎంత తేడా ఉందో టేపుతో కొలిచి, ఫోటో తీసి తెండి.