అల్లరి పిల్లల సినిమాలో హెడ్‌మిస్ట్రెస్‌ను చూడండి

[తెరపై: నలుపు తెలుపు దృశ్యం. ఊరి వీధిలో దుకాణాలు గబగబా మూతపడుతున్నాయి.]

వ్యాఖ్యానం: సెలవులు అయిపోయాయి, సెయింట్ ట్రినియన్స్ అనే ఆడపిల్లల హాస్టల్ బడి తెరుస్తున్నారు. ఊరి జనమంతా ఇళ్లలో దూరి తలుపులు బిగించుకుంటున్నారు. 1954లో వచ్చిన బ్రిటిష్ సినిమా ‘ది బెల్స్ ఆఫ్ సెయింట్ ట్రినియన్స్’ ఇది. పిల్లల అల్లరి ఎంతటిదో దర్శకుడు ఫ్రాంక్ లాండర్ ఊరి భయంతోనే చెప్పేశాడు.

[తెరపై: సిరా గీతల కార్టూన్లు.]

ఈ పిల్లలు పుట్టింది రొనాల్డ్ సెర్ల్ కుంచెలో. మొదటి కార్టూన్ 1941లో లిలిపుట్ పత్రికలో అచ్చయింది. ఆ మరుసటి ఏడే ఆయన సింగపూర్‌లో జపాన్ సైన్యానికి చిక్కాడు. ఖైదీగా సయాం (నేటి థాయ్‌లాండ్)-బర్మా రైలు దారి పనిలో నలిగి ఇంటికొచ్చాక మళ్లీ ఆ పిల్లల్నే గీశాడు.

కార్టూన్‌కు ఒక్క క్షణం చాలు. గంటన్నర సినిమా నడవాలంటే కథ కావాలి. లాండర్‌కు, ఆయనతో కలిసి కథ రాసిన సిడ్నీ గిలియట్‌కు అది అప్పుల్లో దొరికింది. బడి దివాలా అంచున ఉంది. సుల్తాన్ కూతురు ఫాతిమా 100 పౌండ్ల చేతిఖర్చుతో వచ్చి చేరింది. హెడ్‌మిస్ట్రెస్ మిస్ ఫ్రిటన్ ఆ డబ్బంతా సుల్తాన్ గుర్రం అరబ్ బాయ్ మీద కాసింది. పందేలు కట్టించుకునే బుకీ అయిన ఆమె సోదరుడు క్లారెన్స్‌కు ఆ గుర్రం గెలవకూడదు. అతని కూతురు, తోటి పెద్ద తరగతి పిల్లలు గుర్రాన్ని ఎత్తుకొస్తే, చిన్న తరగతి వాళ్లు తిరిగి కొట్టేసి బడిలోనే దాచారు. అల్లరిమూకను రెండు ముఠాలుగా చీల్చడమే ఈ కథలో అసలు తెలివి. లేకపోతే పగిలిన కిటికీలు చూసీ చూసీ అరగంటకే విసుగొస్తుంది.

[తెరపై: మిస్ ఫ్రిటన్ దగ్గరి షాట్.]

ఇప్పుడు ఈ ముఖం చూడండి. పొడవాటి గౌను, ముత్యాల హారం, తేనెలాంటి గొంతు. నటుడు అలస్టెయిర్ సిమ్. సోదరుడు క్లారెన్స్ కూడా ఆయనే.

పాంటోమైమ్ అనే బ్రిటిష్ హాస్య నాటకాల్లో ఆడవేషం కట్టిన మగనటుడు లోపలున్నది తనేనని ప్రేక్షకుడికి గుర్తుచేస్తూనే ఉంటాడు. సిమ్ ఆ పని చేయడు. ఆయన మిస్ ఫ్రిటన్ నిజంగా బడిని ప్రేమించే పెద్దావిడ. పిల్లలు ఎంత రచ్చ చేసినా ఆ గొంతులో తీపి తగ్గదు. ఒక్కసారి కన్నుగీటితే చాలు, బడి మొత్తం వేషమైపోయేది.

[తెరపై: కంచె పక్కన జారుకుంటూ నడిచే ఫ్లాష్ హ్యారీ.]

కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లలు కాచిన జిన్ అనే మద్యాన్ని బయట అమ్మిపెట్టేది ఇతనే. నటుడు జార్జ్ కోల్. శబ్దం పెంచి వినండి, మాల్కమ్ ఆర్నాల్డ్ సంగీతం అతని అడుగులతో పాటే నక్కుతుంది.

[తెరపై: విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్లు.]

తనిఖీకి వెళ్లి మాయమైన వీళ్లు చివరికి ఆ బడిలోనే హాయిగా కాపురం పెట్టి దొరుకుతారు. మిస్ ఫ్రిటన్ నడిపే బడికి పెద్దవాళ్లు కూడా లొంగిపోయారన్నమాట.

1957 నాటి రెండో భాగంలో సిమ్ కాసేపే కనిపిస్తాడు. అల్లరి అలాగే ఉంది. దాన్ని మురిపెంగా చూసుకునే మనిషే లేదు.