నాకెందుకు చిరాకొచ్చింది?

అందరికీ నమస్కారం. కౌన్సెలింగ్ నేర్చుకుంటున్న మీతో మాట్లాడమన్నారు. నేనూ ఇంకా ట్రైనీనే, సలహాలిచ్చేంతదాన్ని కాను. ఒక క్లయింట్ మీద నాకు చిరాకొచ్చిన సంగతి చెబుతాను. ఆమెను ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆమెది మన విశాఖ తీరంలో ఒక మత్స్యకార కుటుంబం. మే నెలలో వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, భర్త ఇంటిపట్టునే ఉంటున్నాడు. "మీ మనసుకు ఎలా ఉంటోందమ్మా?" అని అడిగాను. "ఒల్లంతా మంటలు పాపా, నిద్దర నేదు" అంది. మళ్లీ అడిగాను. మళ్లీ మంటలే. మూడోసారి అడిగేసరికి నా గొంతు మారింది. నేను మనసంటే ఈమె ఒళ్లంటుందేమిటి!

దీన్ని కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. క్లయింట్ ఎదురుగా కూర్చున్నప్పుడు మనలో కదిలే భావాలన్నమాట. 1910లో ఈ మాట వాడిన మనోవిశ్లేషణ ఆద్యుడు ఫ్రాయిడ్, థెరపిస్టు దాన్ని గుర్తించి అదుపులో పెట్టుకోవాలన్నాడు. 1950లో పౌలా హైమన్ అనే మనోవిశ్లేషకురాలు వచ్చి, క్లయింటును అర్థం చేసుకోవడానికి అదే పనిముట్టు అంది. నాకు హైమన్ మాటే నచ్చుతుంది. కాకపోతే ఆ రోజు నా చిరాకు ఆమె గురించి ఏమీ చెప్పలేదు, నా గుట్టే బయటపెట్టింది.

మా సూపర్‌వైజర్ ఒక్కటే అడిగారు: "ఒళ్లు మంటలు అన్న మాట ఇదివరకు ఎవరి నోట విన్నావు?"

మా నాయనమ్మ నోట. తాతయ్య పోయాక ఏళ్ల తరబడి అదే అనేది. పనిలేక పుట్టిన రోగమని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

తప్పు దిద్దుకోవాలని తర్వాతి సెషన్లో ఇంకో చివరికి పోయాను. వలలు, పడవలు, గంగమ్మ పండుగ... అరగంట అవే ప్రశ్నలు. క్లయింటు బాధ వదిలేసి వాళ్ల సంస్కృతి మీద ఆసక్తిలో పడిపోవడాన్ని కోమస్-డియాజ్, జాకబ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లోనే ఒక రకం కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్‌గా రాశారు. పాపం, ఆమె వచ్చింది నిద్ర కోసం.

మనలాంటి వాళ్లే వస్తే సులువనుకోకండి. నాలాగే పెరిగిన ఒక అమ్మాయి "మా నాన్న సంగతి తెలుసుగా" అంటే తలూపాను. ఏం తెలుసు? నాకు తెలిసింది మా నాన్న సంగతి. ఆ అమ్మాయి రెండు సెషన్లకే మానేసింది.

మత్స్యకార ఆవిడ మాత్రం వస్తూనే ఉంది. ఒకరోజు ఉన్నట్టుండి "నీకు పెల్లయిందేటి పాపా?" అంది. నాకు టెన్షన్. "ఎందుకడుగుతున్నారు?" అని ఎదురు ప్రశ్న వేయాలని క్లాసులో నేర్చుకున్నాం. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. లేదమ్మా అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, కుర్చీ ముందుకు జరుపుకుని, మంటలు ఏ రాత్రి మొదలయ్యాయో చెప్పింది.